చేతిలో ఒకటి, ఎదురుచూపులో ఒకటి

కంప్యూటర్ యానిమేషన్ పని హైదరాబాద్ స్టూడియోల గోడలు దాటి చాలా కాలమైంది. మంచి కంప్యూటర్, నిలకడైన ఇంటర్నెట్, చేతిలో పనితనం ఉంటే బీబీపేటలో కూర్చునైనా షాట్ పూర్తి చేసి పంపవచ్చు. బీబీపేట ఒకప్పుడు దోమకొండ మండలంలో ఊరు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అదే మండల కేంద్రమైంది. ఇక్కడ సొంత ఇంట్లో ఉండి పనిచేసే ఫ్రీలాన్స్ యానిమేటర్‌కు నగరంలో కట్టే కిరాయి మిగులుతుంది. స్టూడియోలో ఉంటే మరొకరు చూసుకునే బరువు ఒకటి మాత్రం అతని నెత్తికే వస్తుంది. ఏ పని ముందు చేయాలి, ఏది ఆపాలి, ఒకేసారి ఎన్ని ఒప్పుకోవాలి అన్నది తేల్చుకోవలసింది అతనే. ఆదాయం, ఆరోగ్యం, పనితనం మూడూ ఆ నిర్ణయం మీదే నిలబడతాయి కాబట్టి దాన్ని ఇద్దరి వాదంగా విప్పి చూడడం మంచిదనుకున్నాను. మాట్లాడే అక్కా తమ్ముళ్లు నా కల్పన. అక్క స్టూడియోలో షాట్ల గడువులు చూసే ప్రొడక్షన్ కోఆర్డినేటర్. తమ్ముడు ఇంటి నుంచి పనిచేసే త్రీడీ యానిమేటర్. అక్క పక్షమే నా పక్షం. తమ్ముడి మాటకు బలం ఉన్నచోట మాత్రం దాన్ని తగ్గించి రాయలేదు.

తమ్ముడు: ఒక్క స్టూడియోని నమ్ముకుంటె ఏమైతదో ఈ రంగంల తెలియనోళ్లు లేరక్కా. 2013 ఫిబ్రవరిల రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీ అమెరికాల దివాలా పిటిషన్ వేసింది. దానికి హైదరాబాద్‌ల గూడ స్టూడియో ఉండె. అదే నెలల ఆ కంపెనీ పనిచేసిన 'లైఫ్ ఆఫ్ పై' సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అంటె పనితనం లేక మునగలేదు, పైసల లెక్క కుదరక మునిగింది. మళ్ల 2025 ఫిబ్రవరిల టెక్నికలర్ గ్రూప్ కూలిపోతె బెంగళూరుల వేలమంది ఒక్కసారే రోడ్డు మీద పడ్డరు. ఆస్కార్ తెచ్చిన కంపెనీకే పూచీ లేనప్పుడు, ఇంట్ల ఒక్క కంప్యూటర్ పెట్టుకున్నోనికి ఏం పూచీ? అందుకే చేతిల నాలుగు పనులుండాలె. ఒక సీరియల్ షాట్లు, పిల్లల పాటల వీడియో ఒకటి, ఎవరిదో కంపెనీ లోగో, ముహూర్తాలున్న నెలల పెండ్లి పత్రిక వీడియోలు. ఒకరు పైసలు ఆపితె ఇంకొకరి పైసలతోని కిస్తీ కడుతం. నాలుగు పనులు పట్టుకునుడు ఆశ గాదు, జాగ్రత్త.

అక్క: నువ్వు చెప్పిన రెండూ జరిగినయే. కానీ వాటి నుంచి తేలేది క్లయింట్లు ఒక్కరికంటె ఎక్కువ ఉండాలని. పనులన్నీ ఒకేసారి నడవాలని తేలదు. ఈ రెండింటిని నువ్వు కలిపేస్తున్నవ్. ఏడాదిల ఐదుగురు క్లయింట్లు ఉండొచ్చు, ఉండాలె గూడ. ఐదుగురూ ఒకే వారంల ఉంటెనే చిక్కు. లెక్క చూడు. రెండు పనులున్నయనుకో, ఒక్కొక్కదానికి పది రోజులు పడతది. ఒకటైనంక ఒకటి చేస్తె మొదటిది పదో రోజు ఇస్తవ్, రెండోది ఇరవయ్యో రోజు ఇస్తవ్. దినం విడిచి దినం మార్చుకుంట చేస్తె మొదటిది పంతొమ్మిదో రోజుకు తెములుతది, రెండోది ఇరవయ్యో రోజుకే. రెండో క్లయింటుకు ఒరిగింది ఏం లేదు, మొదటాయనకు తొమ్మిది రోజులు ఆలస్యం. నీ మొదటి ఇన్‌వాయిస్ తొమ్మిది రోజులు వెనక్కి పోయింది. పైసల భద్రత కోసమే ఇట్ల చేస్తున్నమంటివి. పైసలు ఆలస్యంగ వచ్చే పద్ధతే అయిపాయె. జాన్ లిటిల్ అనే పరిశోధకుడు 1961ల నిరూపించిన సూత్రం ఉన్నది. లోపల నడుస్తున్న పనుల సంఖ్య పెరిగి, పూర్తయ్యే వేగం పెరగకుంటె ఒక్కొక్క పనికి పట్టే కాలం పెరుగుతది. బ్యాంకు ముందట లైనుకు వర్తించేది నీ గదిలున్న పనులకూ వర్తిస్తది.

తమ్ముడు: ఈ లెక్కల ఒక్కటి విడిచిపెట్టినవ్. పది రోజులు వరుసగ చేసే పని యానిమేషన్‌ల ఎక్కడున్నది? మూడు రోజులు కష్టపడి ముఖ్యమైన భంగిమలు మాత్రమే పెట్టిన బ్లాకింగ్ పంపుతం. ఫీడ్‌బ్యాక్ ఎప్పుడొస్తది? సూపర్‌వైజర్ చూడాలె, ఆయన డైరెక్టర్‌కు చూపాలె, ఆయన షూటింగ్‌ల ఉంటడు. రెండు రోజులకు రావొచ్చు, వారానికి రావొచ్చు. అప్పటిదాక చేతులు కట్టుకుని కూర్చుంటె ఆ రోజుల కూలి ఎవరిస్తరు? నెల జీతం ఉన్నోనికి ఎదురుచూసిన దినం గూడ జీతం పడతది. గుత్తకు చేసేటోనికి ఎదురుచూపు ఖర్చే. ఇంకొక మాట. గ్లోరియా మార్క్, ఆమె తోటి పరిశోధకులు 2008ల అంతరాయాల మీద ఒక పరిశోధన అచ్చువేసిన్రు. మధ్యల మధ్యల ఆపితె మనుషులు అసలు పనిని ఆలస్యం చేస్తరనుకుంటె, వాళ్లే ఇంకింత జల్ది పూర్తి చేసిన్రు. మార్చి మార్చి చేస్తె పని చెడుతదని నువ్వనేదానికి అది ఎదురు సాక్ష్యం గదా?

అక్క: ఎదురుచూపు గురించి నువ్వన్నది నిజం. పది, ఇరవై లెక్క ఎదురుచూపు లేని పనికే సరిపోతది. దాని సంగతికి మళ్ల వస్త. ముందు ఆ పరిశోధన పూర్తిగ చెప్పు. వాళ్లు జల్ది చేసిన్రు, కానీ ఒత్తిడి, చిరాకు, ఆగమాగం ఎక్కువైనట్టు గూడ అండ్లనే తేలింది. వాళ్లకిచ్చింది ఈమెయిళ్లకు జవాబు రాసేటి పని. ఈమెయిల్ సగంల ఆపితె రాసిన సగం కండ్లముందట ఉంటది. షాట్ అట్ల కాదు. ఒక మనిషి కుర్చీల నుంచి లేచే షాట్ తీసుకో. బరువు ఏ కాలు మీదికి పోతున్నది, నడుము ముందు కదలాలెనా, తల ముందు కదలాలెనా, లేచినంక ఎన్ని ఫ్రేములు ఆగి చూపు తిప్పుతడు అన్నది ఫైల్‌ల రాసి ఉండదు. కీ ఫ్రేములు ఫైల్‌ల ఉంటయి, ఎందుకు అక్కడ పెట్టినవో నీ తలకాయల ఉంటది. బ్లాకింగ్ నుంచి, మధ్య కదలికలను కంప్యూటరే నింపే స్ప్లైన్‌కు పోయినప్పుడు కదలిక అంత మెత్తబడి, నీళ్లల్ల తేలినట్టు అయితది. దాన్ని గ్రాఫ్ ఎడిటర్‌ల ఒక్కొక్క వంపు సరిచేసుకుంట మళ్ల బరువు తెచ్చేటప్పుడు, మూడు రోజుల కింద నువ్వు అద్దం ముందట చేసి చూసుకున్న కదలిక యాదిల ఉండాలె. మధ్యల ఇంకొక సీరియల్ కోసం సెకనుకు పన్నెండు బొమ్మల లెక్కల, చెండు లెక్క ఎగిరే పాత్రను రెండు రోజులు చేసి వచ్చినవనుకో. చెయ్యి ఆ లయకు అలవాటు పడి ఉంటది. ఈ మనిషిని గూడ అట్లనే ఎగిరిస్తవ్. సోఫీ లెరాయ్ 2009ల ప్రచురించిన పరిశోధన చెప్పింది ఇదే. పూర్తిగాని పనిని విడిచి ఇంకో పనికి పోతె మనసు కొంత పాతదాని దగ్గరనే ఆగిపోతది, కొత్త పని ఆ మేరకు చెడుతది. పాత పనిని ఒక కొలిక్కి తెచ్చి పోయినోళ్లకు ఈ నష్టం తక్కువ.

ఇగ ఎదురుచూపు సంగతి. లెరాయ్ మాటల్నే దానికి జవాబున్నది. కొలిక్కి వచ్చినకాడ మారాలె. బ్లాకింగ్ పంపినవ్, ఇగ అది వాళ్ల చేతిల ఉన్నది, నీ తలకాయ ఖాళీ. అప్పుడు రెండో పని తియ్యి, దాన్ని గూడ ఒక మెట్టు ఎక్కించి పంపు. అందుకే నేను ఒక్కటే పని అంటలేను. చేతిల ఒకటి, ఎదురుచూపుల ఒకటి. మూడోది ఒప్పుకున్నా తేదీ రాసి వరుసల పెట్టు, ఫైల్ తెరవకు. మొదటి ఫీడ్‌బ్యాక్ ముందే వచ్చినా సరే, చేతిలున్న మెట్టు ముగిసేదాక దాన్ని ముట్టద్దు. రెండు పనులే అయితె రెండూ ఒకేసారి తిరిగొచ్చినా ఒకటి ముందు, ఒకటి వెనక అంతే. నాలుగు బయట తిరుగుతుంటె ఏవి ఎప్పుడు తిరిగొస్తయో చెప్పలేవు, అన్నీ ఒకే శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారానికి కావాలంటయి. నిద్ర పోయేది ఆడనే.

తమ్ముడు: కాయితం మీద చక్కగనే ఉన్నది. గడువులు మన మాట వినాలె గదా! పెండ్లి పత్రిక వీడియో ఉన్నది. ముహూర్తం మారదు, లగ్గం అయినంక ఆ వీడియో ఎవరికీ పనికిరాదు. స్టూడియో గడువు దానికి ఉల్టా. రేపు షాట్లు పంపుతమంటరు, పది రోజులకు పంపుతరు, డెలివరీ తేదీ మాత్రం ఆన్నే ఉంటది. నీ వరుసల స్టూడియో పనికి మొదటి వారం రాసిపెట్టుకుంటె ఆ వారం ఖాళీగ పోయి, పెండ్లి వీడియోల వారం మీదికొచ్చి పడతది. అందుకే ఏది ముందొస్తె అది పట్టుకునేటోడే బతుకుతడు.

అక్క: మారని గడువు ఒకటి, మారే గడువు ఒకటి ఉన్నప్పుడు మారని దాన్ని ముందు ముగించాలె. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ఎప్పుడొస్తయో, మూఢం ఎప్పుడుంటదో పంచాంగం చూస్తె ఏడాది ముందే తెలుస్తది. లగ్గాల వీడియోలకు టెంప్లేట్లు మూఢంల తయారు చేసిపెట్టుకోవచ్చు, పేర్లు, తేదీలు మారిస్తె చాలు. అది యానిమేషన్‌ల చిన్నపనే, దాని మీద ఎక్కువ వాదం అక్కెరలేదు. అసలు అడ్డం నీ కంప్యూటర్. పది సెకన్ల షాట్ అంటె సెకనుకు 24 లెక్కన 240 ఫ్రేములు. ఒక్క ఫ్రేముకు ఐదు నిమిషాలు పడితె 1,200 నిమిషాలు, అంటె ఇరవై గంటలు రెండర్. అది నడిచినంత సేపు అదే యంత్రం మీద ఇంకో క్లయింట్ రిగ్ తెరిస్తె రెండూ కుంటుతయి. నువ్వు నాలుగు పనులు చేస్తున్ననుకుంటవ్, యంత్రం ఒక్కటే చేస్తది. రెండు నిమిషాల పిల్లల పాట అంటె 2,880 ఫ్రేములు. దాని రెండర్‌కు రాత్రులు ముందే లెక్కగట్టి పెట్టాలె. కరెంటు పోతె మొత్తం మళ్ల మొదటికి రాకుండ వీడియోగ గాకుండ ఫ్రేము ఫ్రేము బొమ్మల వరుసగ తియ్యాలె. ఎన్ని ఒప్పుకోవాలెనో లెక్కగట్టేటప్పుడు నీ గంటలతోపాటు యంత్రం గంటలు గూడ లెక్క చెయ్యాలె.

ఇక్కడ ఇద్దరి మాటా ఆపి నేనొక సంగతి చెప్పాలి. తమ్ముడు గడువుల మీద చేసిన ఫిర్యాదుకు అక్క పంచాంగంతో, రెండర్ లెక్కతో ఇచ్చిన జవాబు సగమే. స్టూడియో గడువులు ఎందుకలా జారతాయన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు పెద్ద పని చేతులు మారే తీరులో ఉంది. తెలుగు తెర మీద విజువల్ ఎఫెక్ట్స్ గొప్పతనాన్ని మనం మనసారా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. 2012లో వచ్చిన 'ఈగ'కు మకుట వీఎఫ్ఎక్స్ జాతీయ పురస్కారం అందుకుంది. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో పెట్టిన గ్రీన్‌గోల్డ్ సంస్థ 2008 నుంచి 'ఛోటా భీమ్'ను దేశమంతటి పిల్లలకు అలవాటు చేసింది. 2015 నాటి 'బాహుబలి' పనిని ఒక్క స్టూడియో మోయలేదు, ఎన్నో స్టూడియోలు పంచుకున్నాయి. పెద్ద పని ఎప్పుడూ ఇలాగే పంపకమవుతుంది. నిర్మాత నుంచి ముఖ్య స్టూడియోకు, అక్కడి నుంచి చిన్న స్టూడియోకు, దాని నుంచి ఇంటి దగ్గర పనిచేసే ఒక్క యానిమేటర్‌కు వస్తుంది. విడుదల తేదీ పై చివర మేకు కొట్టినట్టు ఉంటుంది. స్క్రిప్టు మారినా, షూటింగ్ వెనక్కి జరిగినా, ఎడిటింగ్ ఆలస్యమైనా ప్రతి మెట్టూ తనకు పట్టిన ఆలస్యాన్ని కింది మెట్టుకు దాటిస్తుంది. చివరి మనిషికి దాటించడానికి ఎవరూ లేరు. పైన ముప్పై రోజుల పనిగా లెక్కగట్టినది కింద పన్నెండు రోజుల పనిగా చేరవచ్చు. అతను నాలుగు పనులు ఒకేసారి పట్టుకోవడాన్ని అతని స్వభావం అనుకుంటే పొరపాటు. వరుస చివర ఉన్నవాడికి అలా చేయక తప్పదనిపిస్తుంది. తన గదిలోని వరుసను అతను ఎంత బాగా సర్దుకున్నా, పై నుంచి వచ్చే షరతులు మారకుండా ఆ సర్దుబాటు ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి వాదం అక్కడికి వెళ్లక తప్పదు.

తమ్ముడు: షరతులంటె ఎవరు పెడతరు, ఎవరు ఒప్పుకుంటరు? అడ్వాన్సు అడిగితె ఇంకొకరికి పోతరు. రెండుసార్ల కంటె ఎక్కువ మార్పులు చెయ్యనంటె ఇంకొకరికి పోతరు. కాదన్నోని నంబరు మళ్ల డయల్ చెయ్యరు. ఉద్దెరకు పనిచేసుడు ఎవరికీ ఇష్టం ఉండదక్కా, కానీ కొత్తోనికి ఇంకో తోవ లేదు.

అక్క: కాదంటె పోయే పనులు కొన్ని పోతయి, అది దాచిపెట్టను. కానీ ఒప్పుకున్న పనులల్ల గూడ పోయేవి ఉన్నయి. ఏడోసారి మార్పు చేసి ఇచ్చి, మూడు నెలలు తిరిగినా పైసలు రాని పని నీ దగ్గరకు వచ్చిన పనా, పోయిన పనా? దానికి పెట్టిన రోజులల్ల అడ్వాన్సు ఇచ్చేటాయన పనికి నువ్వు ఖాళీ లేనంటవ్. చెడ్డ పని ఒక్కటి మంచి పని జాగను తింటది. ఇగ చట్టం సంగతి చాలమంది యానిమేటర్లకు తెలియదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ఫ్యాక్టరీలకే అనుకుంటరు. సేవలు అందించేటోళ్లకు గూడ అది వర్తిస్తది. 2020 జూలై నుంచి ఆధార్, పాన్‌తోని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌ల, పైసా ఖర్చు లేకుండ అయితది. ఒక్కడే పనిచేసే మనిషి గూడ సూక్ష్మ సంస్థ కిందికి వస్తడు. ఆ నంబరు ఉన్నోని దగ్గర పని తీసుకున్న కొనుగోలుదారు, రాసుకున్న గడువు లేకుంటె 15 రోజులల్ల, రాసుకున్నా 45 రోజులు దాటకుండ పైసలియ్యాలె. దాటితె రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అది గూడ నెల నెలకు అసలుల కలుపుకుంట. దాని మీదికెల్లి 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్నుల ఒక మార్పు తెచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువుల చెల్లించని సొమ్మును ఆ ఏడాది ఖర్చు కింద చూపుకునే వీలు పోయింది. స్టూడియో అకౌంటెంట్‌కు ఈ సంగతి నీకంటె బాగ తెలుసు.

తమ్ముడు: కేసు పెట్టినోనికి మళ్ల పనిస్తరా?

అక్క: కేసు దాక పోనియ్యకుండనే అది పనిచెయ్యాలె. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, చెల్లింపు తేదీ అచ్చువేసి ఉంటె, మార్చి నెలాఖరుకు లెక్కలు మూసేటప్పుడు నీ బిల్లు కట్ట అడుగుకు పోదు, మీదికొస్తది. నువ్వు కొట్లాడవలసిన పని లేదు. అది పని మొదలైనంక పనికొచ్చే షరతు. మొదలుపెట్టే ముందు పెట్టవలసినవి ఇంకో మూడున్నయి. ఒకటి, ఎన్ని విడతల మార్పులు ధరల కలిసి ఉన్నయి, ఆ తరువాత ఒక్కొక్క విడతకు ఎంత; రెండు, ఫీడ్‌బ్యాక్ ఎన్ని రోజులల్ల ఇయ్యాలె, ఇయ్యకుంటె డెలివరీ తేదీ గూడ అన్ని రోజులు వెనక్కి జరుగుతదని; మూడు, అడ్వాన్సు ఎంత. వీటిల రెండోదే నా 'ఎదురుచూపుల ఒకటి' లెక్కను నిలబెడతది. ఎదురుచూపుకు హద్దు లేకుంటె ఎదురుచూసే పనులు కుప్పపడతయి, నువ్వు చెప్పే నాలుగు పనుల తిప్పలు అక్కడ్నే మొదలైతది. ఫీడ్‌బ్యాక్‌కు తేదీ ఉంటె రెండు పనులు సరిపోతయి. తేదీ లేకుంటె ఆరు పనులు గూడ సరిపోవు.

తమ్ముడు: ఒక్కడు పెడితె షరతు, వందమంది పెడితె పద్ధతి. నేనొక్కడినే ఈ మూడు రాస్తె నా పని పోతది, పక్కూరోనికి పోతది. వాడు గూడ రాయాలె గదా.

అక్క: ఇప్పుడు అసలు మాటకొచ్చినవ్. ఒక్కొక్కరుగ చెయ్యలేని ఈ పనిని చేసినోళ్లు మన ఊర్లల్లనే ఉన్నరు. బీబీపేట, దోమకొండ, మాచారెడ్డి దిక్కు ఏ వాడకు పోయినా బీడీలు చుట్టే ఆడోళ్లు కనబడతరు. ఇంటికాడ పని, గుత్త పని, వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క, బాగలేవని తీసేసే హక్కు యజమానిది. నీ పనికి దానికి ఏం తేడా ఉన్నది? నువ్వు సెకన్ల లెక్కన ఇస్తవ్, వాళ్లు వేల లెక్కన ఇస్తరు. కానీ వాళ్లకు 1966లనే చట్టం వచ్చింది. ఇంటికాడ చుట్టేటోళ్లు గూడ ఉద్యోగులే అని అండ్ల రాసిన్రు. 1977ల బీడీ పనికి ప్రావిడెంట్ ఫండ్ వర్తింపజేసిన్రు. యజమానులు సుప్రీంకోర్టుకు పోయిన్రు, ఇంట్ల కూర్చుని చేసేటోళ్ల మీద మా అజమాయిషీ ఎక్కడున్నది, వాళ్లు మా ఉద్యోగులెట్ల అయితరన్నరు. 1985ల కోర్టు ఆ వాదం ఒప్పుకోలే. బాగలేని బీడీలను తిరగ్గొట్టే హక్కు ఉన్నదంటె అదే అజమాయిషీ అన్నది. ఆ పీఎఫ్ లెక్కల పేరున్నందుకే 2015ల తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టగలిగింది, 2019ల అది 2,016 అయ్యింది. చదువు లేనోళ్లని మనం అనుకునే ఆడోళ్లు సంఘాలు కట్టి కాయితం మీద పేరు ఎక్కించుకున్నరు. డిగ్రీలున్న యానిమేటర్ పేరు ఏ కాయితం మీద లేదు.

తమ్ముడు: ఆ పోలిక పూర్తిగ అతకదు. బీడీ కార్మికురాలికి ఆకు, తంబాకు కంపెనీ ఇస్తది. నా కంప్యూటర్ నాది, నా హునరు నాది. బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. దానితోనే చేసిన లాత్వియా సినిమా 'ఫ్లో' 2025ల ఉత్తమ యానిమేషన్ చిత్రం ఆస్కార్ తెచ్చుకున్నది. ఈ పనిల ఉన్న ఇజ్జత్ స్వతంత్రమే. రేపు నచ్చకుంటె వద్దంట, నా సొంత బొమ్మ చేసుకుంట. ఉద్యోగి అని ముద్ర వేస్తె స్టూడియో నాకు హాజరు పెడతది, ఇంకొకరికి చెయ్యద్దంటది. అప్పుడు ఒక్క క్లయింటే మిగులుతడు, మళ్ల నేను మొదలు చెప్పిన రిథమ్ అండ్ హ్యూస్ కథనే.

అక్క: ఇది గట్టి మాట, ఒప్పుకుంట. నిన్ను ఉద్యోగిని చెయ్యమంటలేను. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలుకొచ్చినయి, పాత బీడీ చట్టం గూడ వాటిల కలిసిపోయింది. సామాజిక భద్రత కోడ్‌ల గిగ్ వర్కర్ అనే మాటకు నిర్వచనం ఉన్నది, యజమాని ఉద్యోగి సంబంధం బయట పనిచేసి సంపాయించేటోళ్లని. వాళ్ల సామాజిక భద్రత నిధికి పైసలు కట్టవలసిన అగ్రిగేటర్ల జాబితాల కంటెంట్, మీడియా సేవలు గూడ ఉన్నయి. అయితె ఆ వంతు యాప్ నడిపే కంపెనీది. స్టూడియో నుంచి నేరుగ షాట్ తీసుకునేటోనికి ఆ తలుపు సగమే తెరిచి ఉన్నది. అందుకని బీడీ చట్టం నుంచి ముద్రను తేవద్దు, మూడు అలవాట్లు తేవాలె. యూనిట్‌కు ధర అందరికీ తెలిసేటట్టు ఉండుడు. తిరగ్గొట్టిన పనికి నియమం ఉండుడు. చేసేటోని పేరు ఎక్కడో ఒక దగ్గర నమోదై ఉండుడు. నడక షాట్‌కు సెకనుకు ఇంత, ఇద్దరు తాకే షాట్‌కు ఇంత, జంతువుల షాట్‌కు ఇంత అని కామారెడ్డి, సిద్దిపేట, నిజామాబాద్ యానిమేటర్లు ఒక కాయితం రాసుకుంటె, పక్కూరోడు గూడ నీ షరతే చెప్తడు. స్వతంత్రం పోదు. వద్దనే ధైర్యం ఇద్దరికీ వస్తది.

తమ్ముడు: అది అయ్యేదాక?

అక్క: అయ్యేదాక చేతిల ఒకటి, ఎదురుచూపుల ఒకటి. కొత్తగ మొదలుపెట్టి, చూపించుకోను రీల్ గూడ లేనోడు ఆర్నెల్లు ఎక్కువ పనులు పట్టుకుంటె నేను తప్పు పట్టను. తినుడు ముందు. కానీ ఆర్నెల్లైనంక గూడ అట్లనే నడుస్తుంటె వాని చేతి పని పెరగదు. ఏ షాట్‌నూ చివరి పాలిష్ దాక కూర్చుని చెయ్యనోని రీల్‌ల ఎప్పుడూ సగం షాట్లే ఉంటయి. పెద్ద పనిచ్చేటోడు చూసేది ఆ రీల్‌నే.

సంవాదం ఇక్కడ ఆపుతున్నాను. తమ్ముడి వాదనలో చివరిదాకా కదలకుండా నిలిచినది ఒకటే: ఒక్క క్లయింటు మీద ఆధారపడడం ప్రమాదం. అది నాకూ సమ్మతమే. ఆ ప్రమాదానికి ఒకేసారి నాలుగు పనులు మోయడం విరుగుడు అన్నచోట మాత్రం అతని వాదం లెక్క ముందు నిలవలేదు. పనులు కుప్పపడితే డబ్బు ఆలస్యమవుతుంది, పనితనం తగ్గుతుంది, యంత్రమూ సహకరించదు. క్లయింట్లు ఏడాది పొడవునా చాలామంది, చేతిలో పని ఒక్కటి, అవతలివారి పరిశీలనలో మరొకటి, ఫీడ్‌బ్యాక్‌కు రాసుకున్న తేదీ: ఒంటరిగా పనిచేసే యానిమేటర్‌కు ఇంతకంటే మేలైన ఏర్పాటు నాకు కనిపించడం లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ పేరుతో విధానం ప్రకటించింది, 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేసింది. టవర్‌లో కూర్చునేవారితోపాటు ఆ టవర్‌కు వందకు పైగా కిలోమీటర్ల దూరాన ఇంట్లో కూర్చుని అదే పని చేసేవారినీ విధానం లెక్కలోకి తీసుకోవాలి. ప్రోత్సాహకాలు పొందే ప్రతి స్టూడియో బయటివారికి ఇచ్చే వర్క్ ఆర్డర్‌లో మార్పుల విడతలు, ఫీడ్‌బ్యాక్ గడువు, చెల్లింపు తేదీ తప్పనిసరిగా రాయాలన్న ఒక్క షరతు పెడితే ప్రభుత్వానికి పైసా ఖర్చు కాదు. కామారెడ్డి జిల్లాలో ఈ పని చేస్తున్న యువతీయువకులు అంతవరకు ఆగకుండా ఈ వారమే ఉద్యమ్ నమోదు చేసుకోండి. మీకు తెలిసిన మరో నలుగురు యానిమేటర్లతో కూర్చుని సెకను ధరల కాగితం ఒకటి రాసుకోండి.